చెప్పింది మాత్రమే

పన్నెండు కొట్టేసరికి ఇంకా ఒక్క ప్రశ్న మిగిలింది, చివరిది, ఇరవై మార్కులది. దాన్ని చదివి వినిపించవలసింది ఆ అమ్మాయే, జవాబు కాగితం మీద పెట్టవలసిందీ ఆ అమ్మాయే, జవాబు మాత్రం ఆమెది కాదు. బల్లకి అవతల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ముఖం కొంచెం పైకెత్తి కూర్చున్న యువకుడిది. అతనికి పుట్టుకతో చూపు లేదు. నగర జీవనం మీద పెద్ద చదువు చదువుతున్నాడు, ఇవి ఆఖరి పరీక్షలు. ఆమెది అదే యూనివర్సిటీలో లెక్కలు, రెండో సంవత్సరం. రాసిపెట్టే మనిషికి సబ్జెక్టు తెలియకూడదని నిబంధన. తెలిస్తే సొంత కవిత్వం కలుపుతారని వాళ్ళ భయం. అందుకని ఏరి కోరి లెక్కలవాళ్ళని పిలుస్తారు. ఇంట్లో అమ్మమ్మ ఆమెని లెక్కలమ్మ అంటుంది, ఆ పేరే వీధి వీధంతా పాకింది. ఇక్కడ ఆ పేరు ఎవరికీ తెలియదు, తెలియకుండా రెండేళ్ళుగా కాపాడుకుంటూ వచ్చింది.

"నగరంలో, ఇంటికి కుళాయి లేని ఒక కుటుంబం ఒక రోజు నీటి అవసరాలను ఎలా తీర్చుకుంటుందో మీ పరిశీలన ఆధారంగా వివరించండి," అని చదివింది లెక్కలమ్మ. గొంతు తడబడలేదు. ఇంతకుముందు నాలుగు ప్రశ్నలు ఎలా చదివిందో ఇదీ అలాగే చదివింది.

"మళ్ళీ ఒకసారి చదవండి," అన్నాడతను.

మళ్ళీ చదివింది. ఈసారి ఒక కుటుంబం అన్నచోట నాలుక అంగిలికి అంటుకుంది. ఒక కుటుంబం అంటే ఎంతమంది, అది ప్రశ్నలో లేదు, లెక్కల పేపరైతే ఇచ్చి ఉండేవాళ్ళు, నలుగురు అనుకుందాం, అమ్మమ్మ, అమ్మ, తను, చెల్లి, పదకొండు బిందెలు, ఒక డ్రమ్ము, బిందెల్లో రెండు తాగడానికి, వాటికి మాత్రమే మూతలుంటాయి, మిగతావాటికి గుడ్డలు, డ్రమ్ము అడుగున నాలుగు వేళ్ళ మేర నీళ్ళు ఎప్పుడూ ఉంచాలి, అవి ముట్టుకుంటే అమ్మ ఊరుకోదు, ట్యాంకరు రాని రోజున ఆ నాలుగు వేళ్ళే దిక్కు. ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తుంది, ఏడుకి రావచ్చు, తొమ్మిదికి రావచ్చు, వచ్చిందంటే వీధి వీధంతా ఉన్న పనులు ఉన్నచోట వదిలేసి పరుగెత్తాలి, అమ్మమ్మ దానికి అల్లుడుగారని పేరు పెట్టింది, ఎప్పుడొస్తాడో చెప్పడు, వచ్చేసరికి అందరూ నిలబడి ఉండాలి, ఎంత చేసినా మొహం మాడ్చుకునే పోతాడు. ఆ మాటకి వరసలో ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ట్యాంకరు డ్రైవరు కూడా నవ్వేవాడు, అత్తగారూ పైపు పట్టుకో అనేవాడు. అదంతా అమ్మమ్మ పడిపోకముందు.

గది ఇరుకు. పాత పటాలు చుట్టలు చుట్టి పెట్టే గది ఇది, పరీక్షలప్పుడు మాత్రం ఇలా వేరుగా కూర్చునేవాళ్ళకి ఇస్తారు. ఫ్యాను తిరిగినప్పుడల్లా అలమరా మీది పటం ఒకటి సగం విప్పుకుని మళ్ళీ ముడుచుకుంటోంది. తలుపు దగ్గర మేడమ్, పరీక్షకి కాపలా ఆవిడే, చెప్పులు విప్పి కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకుంది. వచ్చే ఏడు రిటైరవుతుందట. పొద్దున మొదలుపెట్టేముందు వేలు చూపించి చెప్పింది, "చెప్పింది రాయాలి, చెప్పినంతే రాయాలి, అడిగితే చదివి వినిపించొచ్చు, అంతకుమించి నీ నోట్లోంచి ముక్క రాకూడదు, సరేనా అమ్మాయ్?" సరే అంది. అంతకంటే సులువైన పని ఏముంది, నోరు మూసుకోవడం ఆమెకి కొత్తా. క్లాసులో పక్క బెంచీ స్నేహితురాలు మీ ఇల్లెక్కడ అని అడిగిన రోజున ఇనుపసామాన్ల యార్డు పక్కన అంది. అబద్ధం కాదు. యార్డుకి ఒక పక్క ఫ్లాట్లున్నాయి, ఇంకో పక్క, రైలుకట్ట కింద, తమ వీధి ఉంది. ఏ పక్కో అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"నిజం చెప్పమంటే నాకిది తెలీదండీ," అన్నాడతను చిన్నగా నవ్వి. "పరిశీలన ఆధారంగా అట. నాకు పరిశీలనేంటి? ఊరి మీద ఐదేళ్ళు చదివాను, ఊళ్ళో ఒక్కణ్ణే పది అడుగులు వెయ్యలేదు. కారెక్కిస్తారు, దింపుతారు. ట్యాంకరంటే మా టవర్లకి కూడా వస్తుంది ఎండాకాలం, వెనక్కి వచ్చేటప్పుడు ఒక పాట మోగుతుంది చూడండి, అది మటుకు తెలుసు." ఆ పాట పెదవులు మూసుకునే రెండు ముక్కలు పాడాడు. అదే పాట. బొమ్మ కొట్లో కీ ఇస్తే మోగేలాంటి పాట. ఆ ట్యాంకరే. ముందు టవర్లకి పోసి, మిగిలింది మీకు అని డ్రైవరు మొహమాటం లేకుండా ఎన్నోసార్లు చెప్పాడు, ఏం చేయను తల్లీ, నాకిచ్చిన చీటీలో వరస అలా ఉంది అన్నాడు. ఈ మనిషి ఇరవయ్యో అంతస్తులోనో ముప్పయ్యో అంతస్తులోనో మంచం మీద పడుకుని ఆ పాట విన్న గంటకో రెండు గంటలకో అదే పాట తమ సందులోకి వెనక్కి వెనక్కి వచ్చేది, చెల్లి నిద్రకళ్ళతోనే బిందె పట్టుకునేది.

"అబ్బాయ్, కబుర్లు కాదు, జవాబు చెప్పు," అంది మేడమ్ కళ్ళు తెరవకుండా.

అతను గొంతు సవరించుకున్నాడు. పుస్తకం గొంతు తెచ్చుకున్నాడు. "సాధారణంగా ఇటువంటి కుటుంబాలు మునిసిపల్ ట్యాంకర్లపైన, చేతిపంపులపైన ఆధారపడతాయి, ఫుల్‌స్టాప్. నీటి సేకరణ బాధ్యత ప్రధానంగా స్త్రీలపై ఉంటుంది, ఫుల్‌స్టాప్." ఆమె రాసింది. ఆమె దస్తూరి గుండ్రంగా, తలకట్లు విడివిడిగా, ముత్యాల్లా ఉంటుందని బడిలో పంతులుగారు మెచ్చుకునేవారు, ఆ ముత్యాలిప్పుడు ఇతని మాటలకి అద్దెకిచ్చింది. స్త్రీలపై ఉంటుంది. స్త్రీ అంటే అమ్మ. అమ్మ పని పెద్ద హోటలు నేలమాళిగలో, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని వేడి రోలరు నోటికి అందించాలి, అటువైపునుంచి పొడిగా, తెల్లగా, ఈ జవాబు కాగితంలాగే ముడత లేకుండా బయటికొస్తుంది. ఏళ్ళ తరబడి ఆ వేడికి అమ్మ వేళ్ళ కొసలు నున్నగా అయిపోయాయి. రేషను కార్డుకి వేలిముద్ర పడక మూడుసార్లు తిప్పి పంపారు, మీరు మీరే అని రుజువేంటమ్మా అన్నాడట గుమాస్తా. ఆ మాట చెప్పి అమ్మ నవ్వింది, నేను నేను కాకపోతే బాగుండు బాబూ, ఆవిణ్ణే పంపేదాన్ని పనికి అన్నానే అంది. అమ్మ చెబుతుంది, మన వీధి వారం వాడుకునే నీళ్ళు మా మిషను ఒక్క పూటలో తాగుతుందే అని, కోపంగా కాదు, వింత చెప్పినట్టు చెబుతుంది, సర్కసులో ఏనుగు సంగతి చెప్పినట్టు.

"రాశారా?"

"రాశాను."

"నీటి పంపిణీ సమయంలో ఘర్షణలు సర్వసాధారణం, ఫుల్‌స్టాప్. వీటికి ముఖ్య కారణం... ఆఁ, వీటికి ముఖ్య కారణం అక్కడి నివాసుల్లో క్రమశిక్షణ లోపించడం."

కలం నీటికి ముఖ్య కారణం అని రాసింది, తప్పు, కొట్టేసి వీటికి అని దిద్దింది, అక్కడి నివాసుల్లో వరకూ వచ్చి ఆగింది.

"ఏమైంది?" అన్నాడతను. కలం ఆగిన చప్పుడు అతనికి వినపడుతుందని ఆమెకప్పుడు తట్టింది.

"ఇంకు సరిగా రావట్లేదు," అంది. వస్తోంది. నీళ్ళలా వస్తోంది. క్రమశిక్షణ లోపించడం, రాసింది, క్ష దగ్గర ముత్యం చెదిరింది. ఇరవై రోజుల కిందట, అమ్మమ్మ పడిపోయిన రోజు, అది లెక్కలమ్మ వంతు. అమ్మ పొద్దున్నే పనిలోకి పోతుంది, చెల్లి బడికి తయారవుతుంది, వరసలో నిలబడాల్సింది తను. ఆ పనికి ఎప్పుడూ వెనకాడలేదు, యూనివర్సిటీ బస్సు కొత్త దారి పట్టేదాకా. ఇప్పుడది ఏడున్నరకి యార్డు మలుపు దగ్గర, ట్యాంకరు ఆగే చోటికి ఎదురుగానే, సిగ్నలు కోసం ఆగుతుంది. మొదటి రోజు తలెత్తేసరికి కిటికీలో పక్క బెంచీ స్నేహితురాలు, చెవుల్లో పాటలు, చూపు ఎటో. లెక్కలమ్మ రెండు బిందెలతో గిరుక్కున గోడవైపు తిరిగి, మురుగుకాలవ పూడిక గురించి అంటించిన కాగితాన్ని అక్షరం అక్షరం చదివింది, బస్సు కదిలేదాకా నాలుగుసార్లు చదివింది. వెనకున్న ఆవిడ ఏమ్మా లెక్కలమ్మా, పరీక్షలో ఇది కూడా వస్తుందా అంది. ఆ తర్వాతి వంతు రోజున ఇంట్లో చెప్పింది, అమ్మమ్మా నాకివాళ పొద్దున్నే పరీక్ష ఉంది, వెళ్ళాలి. పరీక్షా, అయితే వెళ్ళు, నేను నిలబడతాలే, నాకేం పనుంది, అల్లుడుగారితో మాట్లాడి చాన్నాళ్ళయింది అంది అమ్మమ్మ. లైబ్రరీలో పెద్ద కిటికీ దగ్గర కూర్చుంది లెక్కలమ్మ, పుస్తకం తెరవలేదు, అక్కడి చల్లటి నీళ్ళ యంత్రం దగ్గర సీసా నింపుకుంది, పొంగి పొర్లేదాకా నింపుకుంది. అదే సమయానికి ట్యాంకరు సగమే నిండి వచ్చింది, టవర్లలో ఏదో వేడుకట, ఎక్కువ పోయించుకున్నారట. సగమే ఉందని తెలిశాక వరస వరసలా ఎలా ఉంటుంది. ఎవరూ అమ్మమ్మని తోయలేదు. అందరూ ఒకేసారి ముందుకి జరిగారు, అంతే. బురదలో పక్కకి ఒరిగింది, తుంటి విరిగింది. ఆమెని ఎత్తింది కూడా ఆ వరసే, తలుపు ఊడబీకి దానిమీద పడుకోబెట్టి పెద్ద రోడ్డుదాకా మోసిందీ ఆ క్రమశిక్షణ లోపించిన వాళ్ళే.

"మీకూ నాలాగే వింతగా ఉండుంటుంది ఇదంతా," అన్నాడతను, ఆలోచిస్తూనే. "మాట తీరు బట్టి చెబుతున్నా, మీరు కూడా మా వైపు వాళ్ళే అనుకుంటా."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ నోరు మంచిది చేసుకోవడానికి ఆమె పడ్డ పాట్లు ఎవరికి తెలుసు, అమ్మ సెల్లులో వార్తలు చదివే ఆవిడ వెనకే గొణుక్కుంటూ, గిన్నెలు తోముతూ, ళ ని ళ లాగా, ణ ని ణ లాగా, ఏందే అనడం మానేసి ఏమిటి అని, చెల్లి వెనకనుంచి వెక్కిరిస్తుంటే. కళ్ళున్నవాళ్ళ దగ్గర ఎంత మాట నేర్చినా కాలి చెప్పు పట్టిచ్చేస్తుంది, ఈ మనిషి ముందు చెప్పులతో పని లేదు, అందుకే పూర్తిగా నెగ్గింది. నెగ్గినందుకు ఒళ్ళంతా చల్లబడింది. "ఊఁ," అంది. ఒక్క అక్షరం. ఆ అక్షరానికి ఇవతల అమ్మమ్మ మంచం ఉంది. ఆ మంచం మీద అమ్మమ్మ నీళ్ళు తాగడం తగ్గించింది. అడిగితే దాహం లేదంటుంది. దాహం లేక కాదు, తాగితే లేవాలి, లేపడానికి ఒకరు కావాలి, ఆ తర్వాత కడగడానికి మళ్ళీ నీళ్ళు కావాలి, ఆమె లెక్క ఆమె వేసుకుంది, ఇంట్లో లెక్కలమ్మ ఎవరని. పెదాలు పగిలాయి. చెల్లి దూదితో తడుపుతుంది. ఇప్పుడు వరసలో అమ్మ నిలబడుతోంది, హోటల్లో రెండుసార్లు ఆలస్యమైంది, మూడోసారైతే వేరేవాళ్ళని చూసుకుంటామన్నారు. తను మాత్రం ఏడింటికే బస్సెక్కి లైబ్రరీకి పోతూనే ఉంది. పరీక్షల కాలం కదా, పాపం, అంటుంది అమ్మ.

అతను ఇంకో పది వాక్యాలు చెప్పాడు. వర్షపు నీటి సంరక్షణ, సామాజిక చైతన్యం, ప్రజల భాగస్వామ్యం. ఆమె రాసింది. మేడమ్ గురక సన్నగా మొదలై ఆగింది.

"ఇంకా ఎంత టైముంది?"

"పన్నెండు నిమిషాలు," అంది మేడమ్ ఉలిక్కిపడి.

"అయితే ఈ జవాబు ఒకసారి మొదటినుంచి చదవండి. చివర ముగింపు చెబుతాను."

కాగితం ఎత్తి పట్టుకుంది. సాధారణంగా ఇటువంటి కుటుంబాలు, అని మొదలుపెట్టింది, స్త్రీలపై ఉంటుంది, అని చదివింది, ఘర్షణలు సర్వసాధారణం, వీటికి ముఖ్య కారణం, అక్కడ అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి, తన అక్షరాలే, కానీ నోరు వాటిమీదికి వెళ్ళలేదు. "ముఖ్య కారణం సగం ట్యాంకరు," అంది. వార్తల గొంతుతోనే అంది. "ఆరోజు సగమే వచ్చింది. మా అమ్మమ్మ ముందు వరసలోనే ఉంది, ఎవరికీ అడ్డం రాలేదు. ఆమెకి డెబ్బైరెండేళ్ళు. రెండు బిందెలు పట్టుకుంది, ఒకటి ఇంటికి, ఒకటి పక్కింటి బాలింతకి. పడిపోయాక కూడా బిందె వదల్లేదట, వేళ్ళు విడదీయాల్సొచ్చిందట. నిలబడాల్సింది నేను. నేను లేను. ఇంట్లో నలుగురం, పదకొండు బిందెలు, ఇప్పుడామె నోరు తడుపుకోడానికి కూడా ఆలోచిస్తోంది, మేం ఒక్కో గ్లాసూ బతిమాలి తాగించాలి, ఒట్టేసి తాగించాలి, అట్టా అడిగితే ఏందే నీ గోల అంటది..."

ఏందే అన్నది తనకే వినపడింది. ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. అలమరా మీది పటం విప్పుకుంది, ముడుచుకుంది.

"ఇది నేను చెప్పలేదు," అన్నాడతను.

"లేదు."

"మీ అమ్మమ్మా?"

ఆమె కాగితం బల్లమీద పెట్టేసింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, పడింది, ఇప్పుడు ఎలా ఎత్తి లోపల పెట్టుకోవడం.

అతను బల్లమీద చేతులు జరిపి ముందుకి వంగాడు. "ఇదే రాయండి. నేను చెప్పింది మొత్తం కొట్టేయండి. మీరన్నది అన్నట్టే పెట్టండి. దయచేసి. వాళ్ళడిగిందే ఇది కదా, పరిశీలన. ఈ పేపరు బాగా పోతేనే నాకు పరిశోధనకి సీటు. ఇంట్లో వాళ్ళు నన్ను ఇంక చదివింది చాలు, ఇంట్లో కూర్చో అంటున్నారు. ఈ సీటు వస్తేనే నేను బయటపడేది." అతని మాటలో దొంగతనం లేదు, అదే బాధ, ఆ ముఖంలో దాహం ఉంది, చూసి గుర్తుపట్టగలిగిన దాహం.

ఆమె మేడమ్ వైపు చూసింది, వద్దంటుందని, అరుస్తుందని, నిబంధన చదువుతుందని. మేడమ్ కాళ్ళు దించి చెప్పుల కోసం తడుముకుంటోంది. "అతను చెబితే నువ్వు రాయొచ్చు," అంది నేలకేసి చూస్తూ. "ముందు నువ్వేమన్నావో నేను విన్లేదు. నిద్రపోయాను. రాయమ్మా, పాపం, టైమైపోతోంది."

ఇక అడ్డం ఎవరూ లేరు. నిబంధన కూడా పక్కకి తప్పుకుంది. రాస్తే అమ్మమ్మ తుంటి ఇరవైకి పద్దెనిమిది తెస్తుంది, ఎవరో దిద్దే మాస్టారు ఎంత సహజంగా రాశాడు అనుకుంటాడు, ఈ మనిషి మంచివాడే, ఎప్పటికీ మర్చిపోడు, ఎక్కడో ఏదో సభలో చెబుతాడు కూడా. రాయకపోతే ఇతను ఇంట్లోనే కూర్చుంటాడేమో. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. టవర్లకి ముందు పోసి మిగిలింది మీకు అన్న మాట ఎందుకో అప్పుడే చెవిలో పడింది, ఎవరూ అనకుండానే.

"రాయను," అంది. "మీరు చెప్పింది రాశాను, ఇంకేం చెప్పినా రాస్తాను. అది మాత్రం ఇవ్వను. అది నాది."

చూపు లేని ఆ ముఖం ఎర్రబడింది. అతను వెనక్కి వాలాడు. చొక్కా చేతి బొత్తాం తిప్పుతూ ఉండిపోయాడు. ఏడు నిమిషాలు, అంది మేడమ్. ఆరు అంది. అప్పుడు చెప్పాడు, పుస్తకం గొంతుతో కాదు. "క్రమశిక్షణ వాక్యం కొట్టేయండి."

కొట్టేసింది. ఒక్క గీత, అడ్డంగా. "ఆ చోట ఏం రాయమంటారు?"

"ఘర్షణలకి కారణం నాకు తెలియదు. నేనక్కడికి వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళని అడగకుండా పుస్తకంలోది రాశాను." ఒక్క క్షణం ఆగాడు. "ఫుల్‌స్టాప్."

ఆమె రాసింది. నేను అన్న మాట రాస్తున్నప్పుడు ఆ నేను ఎవరని చెయ్యి ఒక్కసారి తడుముకుంది, నాకు తెలియదు, నేనక్కడికి వెళ్ళలేదు, గుండ్రటి తన అక్షరాల్లో, తలకట్లు విడివిడిగా. గంట కొట్టారు. మేడమ్ కాగితాలు లాక్కుని దారంతో కుట్టింది, ఒక ఫారం ముందుకి తోసింది, అభ్యర్థి చెప్పింది మాత్రమే రాశాను అని అందులో అచ్చువేసి ఉంది, కింద లెక్కలమ్మ సంతకం పెట్టింది. మంచి మార్కులు రావు దానికి, అని మేడమ్ గొణిగింది, ఎవరితోనో తెలియదు.

అతని డ్రైవరు వచ్చి మోచేయి అందించాడు. తలుపు దాకా వెళ్ళి అతను వెనక్కి తిరిగాడు. "ఎల్లుండి పేపరుకి మీరే వస్తారా?"

"ఎల్లుండి నీళ్ళొచ్చే రోజు, వంతు నాది," అంది లెక్కలమ్మ. "ట్యాంకరు పెందలాడే వస్తే వస్తాను. లేకపోతే లేదు."

"పరీక్ష ఆగదమ్మా నీకోసం," అంది మేడమ్. "వేరే ఎవరినైనా పెట్టుకుంటాం."

పెట్టుకోండి అన్నట్టు తలూపింది, మేడమ్‌కి మాత్రమే తెలిసేలా, తర్వాత గుర్తొచ్చి, "సరేనండి," అని పైకి కూడా అంది. మెట్లమీద అతని బూట్లు నెమ్మదిగా, లెక్కపెట్టుకుంటున్నట్టు దిగిపోయాయి.

ఆమె కూడా దిగింది. వరండాలో పరీక్ష రాసొచ్చిన వాళ్ళంతా జవాబులు పోల్చుకుంటున్నారు, నీదెంత, నాదెంత అని. ఇంటికెళ్ళి ముందు అమ్మమ్మకి చెప్పాలి, ఆరోజు పరీక్ష లేదు అని. ఎలా మొదలుపెట్టాలి, ఏ గొంతుతో, అమ్మమ్మా నేనబద్ధం చెప్పాను, బస్సులోంచి చూస్తారని. గేటు దాటింది, ఎండ మొహాన కొట్టింది. నిజంగా పరీక్ష ఉన్న రోజుల్లో ఎలా ఉంటుంది తను, నాలుగింటికే లేస్తుంది, గోడవైపు తిరిగి పైకి చదువుతుంది, అన్నం ముట్టదు, అమ్మమ్మ వెంటపడి రెండు ముద్దలు తినిపిస్తుంది, మొదటి తరగతి నుంచీ ఒక్క పరీక్ష రోజు కూడా తప్పలేదు. ఆరోజు తను ఎండ వచ్చేదాకా పడుకుంది. పెట్టింది పూర్తిగా తింది. పుస్తకం ముట్టలేదు. అమ్మమ్మ గడపలో కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది, పరీక్షా, అంది, తన మొహంలోకి చూసి ఒక్కసారి, అయితే వెళ్ళు అంది, కొంగు బొడ్లో దోపుకుని రెండు చేతులతో రెండు బిందెలూ అందుకుంది.

తెలుసు. అప్పుడే తెలుసు అమ్మమ్మకి.

బస్సు వచ్చి ఆగింది. వెనక ఉన్నవాళ్ళు ఎక్కమని కేకలేస్తున్నారు.